తెల్లాపూర్‌లో ఒక పూల్ మెయింటెనెన్స్ సంస్థ: చేతి పనికి మంచి మార్కులు, మందు లెక్కకు తక్కువ మార్కులు

హైదరాబాద్ శివార్లలోని తెల్లాపూర్‌లో మా అబ్బాయి కట్టుకున్న ఇంటి వెనక ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న ఈత కొలను ఉంది. సగటు లోతు 1.35 మీటర్లు కనుక అందులో పట్టే నీళ్ళు సుమారు 43,000 లీటర్లు. దీని సంరక్షణను ఏడాది క్రితం నగరంలోని ఒక సంస్థకు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) పద్ధతిలో అప్పగించాం. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్కరివే కావు. చుట్టుపక్కల కొలనులున్న ఇళ్ళవాళ్ళను విచారిస్తే, వేర్వేరు సంస్థలకు ఇచ్చినవాళ్ళు కూడా దాదాపు ఇవే చెప్పారు. కనుక దీన్ని ఒక దుకాణం మీద ఫిర్యాదుగా కాక, ఇలాంటి సేవను ఏ గీటురాయి మీద పరీక్షించాలో చెప్పే సమీక్షగా చదవమని మనవి.

ఒప్పందం ప్రకారం నెలకు 8,000 రూపాయలు. వారానికి మూడు రోజులు మనిషి వచ్చి వలతో ఆకులు తీయాలి, గోడలు బ్రష్‌తో రుద్దాలి, అడుగు వాక్యూమ్ చేయాలి, అవసరమైనప్పుడు ఫిల్టర్‌ను బ్యాక్‌వాష్ (నీళ్ళను ఎదురు దిశలో పంపి లోపలి ఇసుకను కడగడం) చేయాలి, క్లోరిన్, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) చూసి మందులు వేయాలి. మందులు కూడా ఆ డబ్బులోనే. అంటే, సంస్థకు ఏది తేలికగా, చవకగా పడుతుందో ఆ మందే మన నీళ్ళలో పడుతుంది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందుగా మంచి సంగతులు. మా ఇంటికి వచ్చే కుర్రవాడిది పాలమూరు వైపు, పనిలో నేర్పరి. వాక్యూమ్ హెడ్‌ను నేల మీద ఎంత నిదానంగా జరపాలో అతనికి బాగా తెలుసు. తొందరపడితే అడుగున పేరుకున్న సన్నటి దుమ్ము లేచి నీళ్ళలో కలుస్తుంది, మళ్ళీ కిందికి దిగడానికి ఒక పూట పడుతుంది. మా చుట్టూ ఇంకా ఇళ్ళూ టవర్లూ లేస్తూనే ఉన్నాయి కనుక గ్రానైట్ కోసిన పొడి, రెడీమిక్స్ లారీలు లేపే దుమ్ము రోజూ వచ్చి పడుతుంది. మామూలు ఇసుక ఫిల్టర్ 20 నుంచి 40 మైక్రాన్ల కంటే సన్నని రేణువులను సరిగా పట్టలేదు. అందుకని దుమ్ము బాగా ఉన్న రోజున అతను నీటి దారిని మార్చే మల్టీపోర్ట్ వాల్వ్‌ను ‘వేస్ట్’ వైపు తిప్పి, వాక్యూమ్ పీల్చిన నీళ్ళను ఫిల్టర్‌లోకి పోనివ్వకుండా నేరుగా బయటికి పంపుతాడు. కొంత నీరు పోతుంది, అయినా అదే సరైన పద్ధతి. వాల్వ్ తిప్పే ముందు ప్రతిసారీ మోటారు ఆపుతాడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, మోటారు నడుస్తుండగా వాల్వ్ తిప్పితే లోపలి గాస్కెట్ చిరిగి, ఆ తర్వాత బ్యాక్‌వాష్ లైన్‌లోంచి ఎవరికీ తెలియకుండా నీళ్ళు పోతూనే ఉంటాయి.

బ్యాక్‌వాష్ విషయంలోనూ అతన్ని మెచ్చుకోవాలి. చాలాచోట్ల వారానికోసారి మొక్కుబడిగా చేసేస్తారు. నిజానికి ఇసుక కొంచెం మురికి పట్టినప్పుడే సన్నని రేణువులను బాగా ఆపుతుంది కనుక, తరచుగా కడిగితే నీళ్ళూ పోతాయి, వడపోతా తగ్గుతుంది. శుభ్రంగా ఉన్నప్పుడు ఫిల్టర్ మీది ఒత్తిడి గేజ్ ఎంత చూపిందో గుర్తుపెట్టుకుని, అంతకు 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగాకే చేయాలి. ఈ కుర్రవాడు గేజ్ అద్దం మీద మార్కర్‌తో గీత గీసి పెట్టుకున్నాడు. ఆ పని అతనికి సంస్థ నేర్పలేదని కూడా చెప్పాడు. వేపపూత రాలే రోజుల్లో, నీటి పైన తేలే చెత్తను పట్టే స్కిమ్మర్ బుట్ట పూట గడవకముందే నిండిపోతుంది. వారానికి మూడు రోజుల ఒప్పందం ఆ కాలానికి చాలదు; మిగతా రోజులు ఇంట్లోవాళ్ళు బుట్ట ఖాళీ చేసుకోక తప్పదు.

ఇక పరీక్షల సంగతి. సంస్థ తెచ్చే పెట్టెలో పక్కపక్కన రెండు చిన్న గొట్టాలుంటాయి, ఒకదానిలో నీళ్ళు పసుపుగా మారతాయి, రెండోదానిలో ఎర్రగా. పసుపు రంగు వచ్చేది ఆర్థోటాలిడిన్ పరీక్ష. అది నీటిలోని మొత్తం క్లోరిన్‌ను చూపిస్తుందే తప్ప, అందులో క్రిములను చంపగల ఫ్రీ క్లోరిన్ ఎంత, చెమటతోనూ మూత్రంతోనూ కలిసి క్లోరమిన్లుగా మారి చేవ పోగొట్టుకున్నది ఎంత అని విడదీయదు. పిల్లల కళ్ళు మండేదీ, ఘాటు వాసన వచ్చేదీ ఈ క్లోరమిన్ల వల్లనే. వాసన వస్తోంది కనుక క్లోరిన్ ఎక్కువైందని మందు ఆపేయడం సరిగ్గా తిరగేసిన వైద్యం.

ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి కనుక, రంగు పక్కన రంగు పెట్టి అంకె చెప్పే పద్ధతి మీద నాకు మొదటి నుంచీ నమ్మకం తక్కువ. మా అబ్బాయి చేత టేలర్ కంపెనీ కె-2006 కిట్ తెప్పించాను. 10 మిల్లీలీటర్ల పూల్ నీళ్ళలో పొడి వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఆ రంగు పూర్తిగా పోయేవరకు చుక్కలు వేస్తూ లెక్కపెట్టాలి, చుక్కకు 0.5 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో చెప్పే కొలత). ఇంకా సూక్ష్మంగా కావాలంటే 25 మిల్లీలీటర్లు తీసుకుంటే చుక్కకు 0.2 అవుతుంది. గులాబీ పోయాక ఇంకో మందు వేసినప్పుడు రంగు తిరిగి వస్తే, అది క్లోరమిన్ల వాటా. ఇది ల్యాబులో చేసే టైట్రేషనే. కాకపోతే బ్యూరెట్ బదులు సీసా. సైన్సు చదవని మా కోడలు ఒక్కసారి చూసి నేర్చుకుంది. ఫ్రీ క్లోరిన్‌తో పాటు పీహెచ్, ఆల్కలినిటీ, కాల్షియం కాఠిన్యత, సయనూరిక్ ఆమ్లం (క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే పదార్థం) ఇదే పెట్టెతో చూడవచ్చు. ధర ఎక్కువే, దిగుమతి సరుకు. అయినా ఇంట్లో కొలను ఉన్నవాళ్ళు కొనదగిన మొదటి వస్తువు ఇదేనని నా అభిప్రాయం. సీసాలను మాత్రం వేడెక్కే పంపు గదిలో పెట్టకుండా ఇంట్లో చల్లటి, చీకటి చోట ఉంచుకోవాలి.

ఈ కిట్‌తో మొదట చూసినప్పుడు ఫ్రీ క్లోరిన్ 3, పీహెచ్ 7.4. రెండూ భేషుగ్గా ఉన్నాయి. సయనూరిక్ ఆమ్లం పరీక్షలో మాత్రం, గొట్టం అడుగున ఉన్న నల్లచుక్క 100 గీత దాకా నీళ్ళు పోయకముందే కనిపించకుండా పోయింది. అంటే నూరు దాటింది. ఉండదగినది 30 నుంచి 50.

ఇది ఎలా పెరిగిందో తెలుసుకోవడానికి ల్యాబు అవసరం లేదు, కాగితం చాలు. సంస్థ వాడేది టీసీసీఏ (ట్రైక్లోరో ఐసోసయనూరిక్ ఆమ్లం) 90 టాబ్లెట్లు, ఒక్కొక్కటి 200 గ్రాములు. వీటిలో క్లోరిన్ సయనూరిక్ ఆమ్లంతో కట్టుబడి ఉంటుంది. మా కొలనులో ఒక టాబ్లెట్ కరిగితే సుమారు 4 పీపీఎం క్లోరిన్, దానితో పాటు సుమారు 2.5 పీపీఎం సయనూరిక్ ఆమ్లం చేరతాయి. క్లోరిన్ ఎండకూ నాచుకూ క్రిములకూ ఖర్చైపోతుంది. సయనూరిక్ ఆమ్లం ఆవిరి కాదు, ఇసుకలో చిక్కదు, ఎండకు విరగదు, అక్కడే ఉండిపోతుంది. ఎండాకాలంలో రోజుకో టాబ్లెట్ చొప్పున వేస్తే నెలకు 75 పీపీఎం పోగవుతుంది. మార్చిలో మొదలుపెట్టినవాళ్ళు మే నెల వచ్చేసరికి ఎక్కడుంటారో ఊహించుకోవచ్చు.

అసలు సయనూరిక్ ఆమ్లం చెడ్డదని కాదు. అది బొత్తిగా లేకపోతే హైదరాబాద్ మధ్యాహ్నపు ఎండ నీటిలోని క్లోరిన్‌లో సగాన్ని గంటలోపే తినేస్తుంది. కొద్దిగా ఉంటే క్లోరిన్‌ను పట్టుకుని ఉంచి, కావలసినప్పుడు కొంచెం కొంచెంగా వదులుతుంది. మరీ ఎక్కువైతే పట్టుకోవడమే తప్ప వదలడం తగ్గిపోతుంది. పరీక్షలో 3 అని కనిపిస్తుంది గాని, నిజంగా క్రిముల మీద పనిచేసే భాగం అతి స్వల్పం. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా ఈ కారణంగానే, కొలనులో క్లోరిన్ కనీసం 1 పీపీఎం ఉండాలనీ, సయనూరిక్ ఆమ్లం వాడే చోట ఆ కనీసం 2 అనీ, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలనీ చెబుతుంది. సయనూరిక్ ఆమ్లం నూరు దాటిన చోట ఆ 2 పీపీఎం కూడా చాలదు.

ఈ విషయం కుర్రవాడితో చెబితే అతను నవ్వి, “సార్, నీళ్ళు అద్దంలెక్క ఉన్నయి, అడుగున రూపాయి బిళ్ళ కనబడతది, ఇంకేం కావాలె?” అన్నాడు. అతని తప్పేమీ లేదు, అతనికి నేర్పింది అదే. సూపర్‌వైజర్ గారు ఇంకొంచెం బిగుసుకుని, “హైదరాబాద్ మొత్తం టాబ్లెట్లే వాడుతున్నరు సార్, మీ ఒక్కరికే ప్రాబ్లం” అన్నారు. సయనూరిక్ ఆమ్లం కొలిచే మందు మీ దగ్గర ఉందా అని అడిగితే లేదన్నారు. కొలవని వస్తువుతో ఎవరికీ ప్రాబ్లం ఉండదు మరి.

టాబ్లెట్లను ఎక్కడ పెడుతున్నారన్నది ఇంకో సంగతి. తేలే డిస్పెన్సర్ ఉండగా, పని తొందరలో స్కిమ్మర్ బుట్టలోనే వేసి పోతున్నారు. ఈ టాబ్లెట్ కరిగిన నీళ్ళు బాగా ఆమ్ల గుణం కలవి. మోటారు ఆగి ఉన్న గంటల్లో ఆ గాఢమైన ఆమ్లపు నీరు పైపులో నిలిచి, మోటారు మొదలవగానే ఒక్క ఉదుటున పంపులోకి, ఫిల్టర్‌లోకి పోతుంది. లోహపు భాగాలు, రబ్బరు సీళ్ళు తొందరగా పాడైతే, రాణిగంజ్ నుంచి కొత్త సీల్ తెప్పించి బిల్లు మన చేతిలో పెట్టేది కూడా ఇదే సంస్థ.

మరి టాబ్లెట్లు కాకపోతే ఏమిటి? కాల్షియం హైపోక్లోరైట్ పొడిలో 65 నుంచి 70 శాతం క్లోరిన్ ఉంటుంది, సయనూరిక్ ఆమ్లం ఉండదు. అయితే అది నీళ్ళలో కాల్షియం పెంచుతుంది. మా బోరు నీటి కాఠిన్యత ముందే 500 పీపీఎం దాటి ఉంది. తాగునీటికి ఉన్న ఐఎస్ 10500 ప్రమాణంలో కాఠిన్యత 200 వరకు సమ్మతం, వేరే నీటి ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతి. కొలనుకు 200 నుంచి 400 మధ్య ఉండటం మంచిది. మనం పరుగు మొదలుపెట్టేదే గీత దాటాక. దానికి తోడు ఎండాకాలంలో మా కొలను నుంచి రోజుకు ఏడు మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే, అది 224 లీటర్లు. ఆవిరయ్యేది నీరే, సున్నం కాదు. తగ్గిన నీటిని మళ్ళీ బోరుతో నింపితే నెలకు కాఠిన్యత మరో 75కు పైగా పెరుగుతుంది. టైళ్ళ మీద నీటి మట్టం వెంబడి పట్టే గట్టి తెల్లపొర అదే. కనుక పొడి కూడా మనకు పనికిరాదు.

మిగిలింది ద్రవరూపంలోని సోడియం హైపోక్లోరైట్. 10 శాతం బలం ఉన్న మందు అయితే మా కొలనుకు 3 పీపీఎం పెంచడానికి లీటరుంపావు పైచిలుకు చాలు. ఇది కాల్షియం పెంచదు, సయనూరిక్ ఆమ్లం పెంచదు, కాస్త ఉప్పు మాత్రం మిగులుస్తుంది. లోపమల్లా నిల్వ ఉండకపోవడం: మన మే నెల వేడికి కొద్ది వారాల్లోనే బలం గణనీయంగా తగ్గిపోతుంది. చవకని పెద్ద డ్రమ్ము కొనకుండా చిన్న క్యాన్లు తెచ్చుకుని నీడన ఉంచి, ఎండ దిగాక సాయంత్రం వేయాలి. రోజూ ఒకరు వేయాలి గనుక వారానికి మూడు రోజులు వచ్చే సంస్థలకు ఇది నచ్చదు. వాళ్ళు టాబ్లెట్లను ఎందుకు వదలరో అర్థం చేసుకోవచ్చు, ఒప్పుకోనక్కరలేదు.

పెరిగిన సయనూరిక్ ఆమ్లాన్ని తగ్గించడానికి ఇంట్లో చేయగలిగింది నీళ్ళు మార్చడమే. సగానికి తగ్గాలంటే సగం నీళ్ళు, అంటే 21,000 లీటర్ల పైన, 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగుకు మించి కావాలి. నడి ఎండాకాలంలో ఊరంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఆ పని చేయడం న్యాయం కాదు. ఇక్కడ సంస్థ వాళ్ళను మెచ్చుకోవలసిన సందర్భం ఒకటి ఉంది. నేను పై అధికారికి ఉత్తరం రాశాక వాళ్ళు ఒక అనుభవజ్ఞుణ్ణి పంపారు. ఆయన నా లెక్కలు ఓపికగా చూసి, తొందరపడకుండా జూన్ దాకా ఆగుదామని సలహా ఇచ్చారు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే. 32 చదరపు మీటర్ల మా కొలను మీదనే నేరుగా పడేది 25,000 లీటర్లు. అందులో కొంత ఆవిరైపోయినా, మిగిలేది సున్నం లేని మెత్తటి నీరు. తొలకరికి ముందు కొంత, ప్రతి పెద్ద వానకూ ముందు కొంత మట్టం దించుతూ పోతే వాననీరే కొలనును కడుగుతుంది. మొత్తం ఖాళీ చేయవద్దని కూడా ఆయనే హెచ్చరించారు, వానాకాలంలో భూమిలోని నీటి ఒత్తిడికి ఖాళీ కొలను అడుగు పైకి లేచి పగిలే ప్రమాదం ఉంటుంది. ఆ సలహా ప్రకారమే చేశాం, ఫలితం బాగుంది. సయనూరిక్ ఆమ్లం 60కి దిగింది. వానలతో కొట్టుకొచ్చే మట్టి లోపలికి పోకుండా కొలను చుట్టూ గట్టు కాస్త ఎత్తు చేయించుకోవలసి వచ్చింది.

తీవ్రంగా మార్కులు కోయవలసింది పంపు గది విషయంలో. పీహెచ్ తగ్గించే యాసిడ్ క్యాన్, క్లోరిన్ డబ్బా ఒకే అరలో ఆనుకుని ఉండేవి. రెంటికీ ఒకే మగ్గు. యాసిడ్, క్లోరిన్ మందు కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, గాలి ఆడని చిన్న గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. టీసీసీఏ, కాల్షియం హైపోక్లోరైట్ కలిస్తే మంటలు లేస్తాయి, పేలనూ వచ్చు. పిల్లలు తిరిగే ఇంట్లో ఇది క్షమించరాని అలసత్వం. చెప్పిన మర్నాడే వేరుచేశారు, రెండు మగ్గులు పెట్టారు, గదికి తాళం వేశారు. కాని మేం చెప్పేదాకా ఎందుకు ఆగాలి?

జూన్ మొదటి వానలకు నీడపక్క గోడ మీద పచ్చటి నాచు కనిపించినప్పుడు, వాళ్ళు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పొట్లంతో వచ్చారు. వద్దన్నాను. రాగి నీళ్ళలోనే ఉండిపోయి గోడల మీద మరకలు వేస్తుంది. ఆ గోడను గట్టిగా బ్రష్ చేసి, పంపును రాత్రంతా నడిపి, క్లోరిన్‌ను కొద్ది రోజులు ఎక్కువగా నిలబెడితే నాచు పోయింది.

మే నెలలో నీటి మట్టం మామూలు కంటే వేగంగా పడిపోతోందని మేం అనుమానిస్తే, లీకేజీ పరీక్షకు సంస్థ వేరే బిల్లు చెప్పింది. ఆ బిల్లు కట్టేముందు ఎవరైనా చేసుకోగల పరీక్ష ఒకటుంది. కొలను మెట్టు మీద ఒక బకెట్‌ను నీళ్ళతో నింపి పెట్టి, లోపలి మట్టాన్నీ బయటి మట్టాన్నీ గీతతో గుర్తుపెట్టి, మోటారు ఆపి ఒక రోజు వదిలేయాలి. రెండూ సమానంగా తగ్గితే అది ఎండ పని. బయట ఎక్కువ తగ్గితేనే లీకేజీ. మాది ఎండే.

ఇప్పుడు ఒప్పందాన్ని మార్చుకున్నాం. మనిషి పనికి మాత్రమే నెలకు 5,500. మందులు మేమే కొంటాం, రోజూ సాయంత్రం మేమే వేస్తాం. పంపు గది తలుపుకు ఒక నోటుపుస్తకం వేలాడదీశాం. కుర్రవాడు వచ్చినప్పుడల్లా తేదీ, ఫ్రీ క్లోరిన్, పీహెచ్, గేజ్ అంకె అందులో రాస్తాడు. ఆల్కలినిటీ వారానికోసారి, కాఠిన్యత, సయనూరిక్ ఆమ్లం నెలకోసారి మేం రాస్తాం. నీటి కాఠిన్యత ఎక్కువ కనుక పీహెచ్‌ను 7.2, 7.4 మధ్య ఉంచితే కొత్తగా తెల్లపొర పట్టడం తగ్గింది. కొలను నింపే లైన్‌ను, నీటి కాఠిన్యత తగ్గించే ఇంటి సాఫ్ట్‌నర్‌కు కలపడం గురించి ప్లంబర్‌తో మాట్లాడుతున్నాం.

చేతి పనికి నూటికి 85, మందుల పరిజ్ఞానానికి 30, భద్రతకు మొదట 10, చెప్పాక 60, ఫిర్యాదు విన్న తీరుకు 70 వేస్తాను. ఒక విషయం మాత్రం ఇంకా తేలలేదు. నీటి మట్టం వెంబడి టైళ్ళ మీద గట్టిపడ్డ పాత తెల్లపొరను గీకి తీయడానికి సంస్థ అదనంగా డబ్బు అడుగుతోంది. పాత ఒప్పందంలో ‘టైళ్ళ శుభ్రత’ అని స్పష్టంగా రాసి ఉంది, ఆ పొర పట్టింది కూడా ఆ ఒప్పందం నడిచిన కాలంలోనే. ఆ కాగితం నకలు వాళ్ళకు పంపించాం, బిల్లు మాత్రం కట్టలేదు.